మా వంటయింటి సంగతులు: పడదన్న మాట



ఈ నెల ఆవకాయ జాడీలను గూర్చి వ్రాయుదునని గత సంచికయందు మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపుడు. శ్రావణమాసమున మా యింట జరిగిన యొక సంగతి నా మనస్సున ముల్లువలె నాటుకొని యున్నది. దానిని చెప్పుకొన్నగాని తక్కిన వ్రాతకు చేయి సాగుట లేదు.

మేముండునది అనంతపురము జిల్లాలోని యొక పల్లె. మావారు అచటి పాఠశాలలో ఉపాధ్యాయులు. చెనిక్కాయ మా సీమకు ప్రాణము. ఊరుబిండి దానితోనే, చిత్రాన్నములో అదియే, గుత్తివంకాయ కూరలో అదియే, పిల్లలు జేబులలో పోసికొని బడికి పోవునదియు అదియే. అట్టిచోట మా యింట అంట్లు తోమునామె తన యారేండ్ల కొడుకును చూపి, "వీనికి చెనిక్కాయలు పడవమ్మా" అని రెండు మూడు మారులు నాతో చెప్పినది. నేను నవ్వి యూరకుంటిని. నిజము దాచనేల? ఇదే మాట బెంగుళూరులోని మా చెల్లెలు తన కుమారుని గూర్చి చెప్పినపుడు నేను నవ్వలేదు. వాడు వచ్చినపుడెల్ల బాణలి మొదలు గరిటె వరకు వేరుగా కడిగించి వంట చేయుచుంటిని. ఎవరిచేత కడిగించితి ననుకొన్నారు? ఈ తల్లిచేతనే.

ఆనాడు బుధవారము. కొబ్బరి చాలక, పచ్చడిలో పిడికెడు వేయించిన చెనిక్కాయ విత్తనములు కలిపి రుబ్బితిని. పిల్లవాడు తల్లివెంట వచ్చి అరుగుపై కూర్చుండగా రెండు ఇడ్లీలు పెట్టితిని. పచ్చడి తెల్లగా నుండుటచే తల్లికిని అనుమానము కలుగలేదు. పావుగంట గడవకమునుపే వాడు పెదవులు గోకికొనసాగెను. ఒడలెల్ల దద్దుర్లు లేచినవి. వాంతి యయ్యెను. దగ్గు పట్టుకొని గొంతు బొంగురువోయి, తుదకు తల్లి యొడిలో సోలిపోయెను. దిష్టి తగిలినదని ఆమె ఉప్పు మిరపకాయలకై లేచినది. నేను సెట్రిజిన్ మాత్రకై మందుల పెట్టె వెదకుచుంటిని. ఇద్దరిలో చదువు వచ్చినదానను నేను. అయినను మేమిరువురము చేసినది కాలము పోగొట్టుటయే.

ఆ దినమున అంగన్‌వాడీలో టీకాలు వేయుచుండిరి. పొరుగింటి కుర్రవాడు పరుగున పోయి నర్సమ్మను పిలిచికొని వచ్చెను. ఆమె బిడ్డను చూచి, డాక్టరుగారికి ఫోను చేసి, తన సంచిలోని అడ్రినలిన్ మందును తొడ వెలుపలి కండలోనికి సూదితో ఎక్కించినది. టీకా వికటించినపుడు వాడుటకై దానిని వెంట నుంచుకొందురట. కొన్ని నిమిషములలో ఊపిరి తేటపడినది. 108 బండి వచ్చుసరికి ముప్పావుగంట పట్టెను. తగ్గినదనుకొన్న జబ్బు కొన్ని గంటలకు మరల తిరుగబెట్టవచ్చునని చెప్పి ఆసుపత్రిలో ఆ రాత్రి యుంచుకొనిరి. బిడ్డ దక్కినాడు.

మా యూర టీకాలు బుధ, శనివారములలోనే. అది గురువారమై యుండినచో ఏమగును? ఈ ప్రశ్న నన్ను నేటికిని నిద్రపోనీయదు.

చిన్ననాట మా నాయనగారు నాకు చరకసంహిత చదివి చెప్పునపుడు సాత్మ్యము, అసాత్మ్యము అను మాటలు తరచు వచ్చుచుండెడివి. ఒకనికి హితమైనది వేరొకనికి అహితము కావచ్చునని వల్లించినదాననే, పనిమనిషి నోట ఆ మాటయే తెలుగున వినబడినపుడు పోల్చుకొనలేకపోతిని. అయితే ఇది అజీర్ణమువంటిది కాదు. దేహము ఒకానొక యాహారమందలి మాంసకృత్తును శత్రువుగా భ్రమించి తిరుగబడుటచే ఈ యుపద్రవము కలుగును. ఇట్టి ప్రాణాంతకమగు తిరుగబాటునకు అనాఫిలాక్సిస్ అని 1902లో పేరిడిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రిషే, పోర్టియే అనువారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానము వచ్చినది. అలెర్జీ యను మాటను 1906లో పిర్కే యను వియన్నా వైద్యుడు కల్పించెను.

డాక్టరుగారు నాకు బోధించినది ఇది. ఊపిరి యాడకున్నను, గొంతు మారినను, సొమ్మసిల్లినను మొదటి మందు అడ్రినలినే. అలెర్జీ మాత్ర దురదను తగ్గించునేకాని ప్రాణము నిలుపదు. రోగిని నిలువబెట్టరాదు, నడిపింపరాదు; వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తున నుంచవలెను. ఆయాసము మిక్కుటమైనచో కూర్చుండనీయవచ్చును. మందు మోతాదు బరువునుబట్టి వైద్యులు నిర్ణయింతురు.

మా చెల్లెలి కుమారునికి విదేశమునుండి తెప్పించిన రెండు అడ్రినలిన్ కలములున్నవి. తొడకు అదిమిన చాలును, తగినంత మందు దానంతట అదే దిగును. మన మందుల అంగళ్లలో అవి సాధారణముగా దొరకవు. తెప్పించుకొన్నను వేల రూపాయలు. అది ఈ తల్లికి నెలల జీతము. కాని ఆ కలములోని మందే చిన్న గాజుబుడ్డిలో కొద్ది రూపాయలకు వచ్చును, ప్రభుత్వపు అత్యవసర ఔషధముల జాబితాలోను ఉన్నది. కొరత మందు వెలలో లేదు. అది ఎంత దూరమున నున్నది, సూది వేయువారు ఆ వేళకు ఉందురా అనుటలోనే యున్నది. ఇక కలిగినవారి తీరు చూడుడు: రెండువందల వస్తువులకు ఒక్కమారే ఐ.జి.జి. రక్తపరీక్షలని చెప్పి పట్టణములలో వేలు గుంజుచున్నారు. అలెర్జీని తేల్చుటకు అవి పనికిరావు. ఏ తిండి తిన్న నెంతసేపటికి ఏమైనదో తల్లి చెప్పు మాట వాటికంటె విలువైనది.

వంటయింటి మాటకు వత్తును. బాగుగా శుద్ధిచేసిన చెనిక్కాయ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు గనుక చాలమందికి హాని చేయదు. ఇప్పుడు అందరును మెచ్చుకొను గానుగనూనెలో అది మిగిలియుండును. (నాకును గానుగనూనెయే యిష్టము, ఏమి చేయుదును!) రోలు, మిక్సీగిన్నె, పొడి డబ్బాలోని చెంచా, వీటిద్వారా సోకునది మరియు మోసకారి. నువ్వులు, జీడిపప్పు, రొయ్యలు, పాలు, గ్రుడ్లు పడనివారి యిండ్లలోను ఇంతే.

2020లో వచ్చిన నిబంధనలనుబట్టి అంగటి పొట్లములపై వేరుశనగ, పాలు, గ్రుడ్డు మున్నగువాని పేర్లు ప్రకటింపవలెను. నువ్వులు ఆ పట్టికలో లేవు. ఆ వ్రాత ఇంగ్లీషునగాని హిందీయందుగాని యుండిన చాలునట. మా పనిమనిషికి తెలుగు చదువుటయే కష్టము. చీమలవంటి ఆ యింగ్లీషు అక్షరములు ఆమె కేమి చెప్పును?

బడి సంగతి మావారు చూచుకొనిరి. 2020 నుండి మా రాష్ట్రమున బడిపిల్లలకు చెనిక్కాయ చిక్కి యిచ్చుట మొదలైనది. బలమైన తిండియే, నేను కాదనను. హాజరు పట్టీలో వాని పేరు ప్రక్క ఎఱ్ఱసిరాతో వ్రాసి, వంట చేయువారితో ముఖాముఖి చెప్పిరి. వాని చిక్కి వాని యక్క తినును, కాని బడిలో కాదు, ఇంటిలోను కాదు, వీథి చివర తిని చేతులు సబ్బుతో కడుగుకొని వచ్చును. ఈ యేర్పాటు ఆ పిల్లయే చేసికొన్నది.

ఇది చదివి పసిబిడ్డలకు చెనిక్కాయ నసలే దాచిపెట్టకుడు. 2015లో లండనున 640 మంది శిశువులపై చేసిన పరిశోధనయందు, తొలి సంవత్సరముననే మెత్తగా చేసి తినిపించినవారిలో ఈ యలెర్జీ మిక్కిలి తక్కువగా వచ్చినది. ఎగ్జిమా తీవ్రముగా నున్న బిడ్డలకును, ఇదివరకే దద్దుర్లు లేచినవారికిని మాత్రము వైద్యుని అడుగక పెట్టరాదు.

మొన్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి, సెలవు దినములలోను రాత్రులందును అడ్రినలిన్ ఎవరి చేతిలో నుండునని అడిగితిని. పగలు ఉన్నది, రాత్రి సంగతి పైవారికి వ్రాయుదుమనిరి. మరల వచ్చు సోమవారము పోవుదును. మీరును మీ మీ యూళ్లలో ఇదే ప్రశ్న అడిగి, వచ్చిన సమాధానము నాకు వ్రాయుడు. ఆవకాయ జాడీల సంగతి వచ్చు సంచికలో.