సంకల్పానికి ఒక చిరునామా

ప్రతి సంవత్సరమూ డిసెంబరు చివరి వారంలో ఒక కొత్త నోటుపుస్తకం కొనడం ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటు. మొదటి పుటలో, రానున్న ఏడాదిలో నేను సాధించదలచిన విషయాల పట్టిక ఉంటుంది. రెండవ పుట నుంచి పాలవాడి లెక్క మొదలవుతుంది. ఇటీవల బీరువా సర్దుతూ ఆ పుస్తకాలన్నింటినీ ఒకచోట పేర్చి చూశాను. వేకువనే లేవడం, మితంగా మాట్లాడడం, కోపాన్ని జయించడం... అంశాలు ఏటేటా ఇంచుమించు అవే. మారింది చేతిరాత ఒక్కటే. పాఠకులలో కొందరి బీరువాలలోనైనా ఇటువంటి పుస్తకాలు ఉంటాయని నా నమ్మకం.

నేను ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక ఈ విషయంలో నా మొదటి గురువు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన తన ఆత్మకథలో 13 సుగుణాలను పేర్కొని, వాటిని అలవరచుకోవడానికి తాను అనుసరించిన పద్ధతిని వివరించాడు. వారానికి ఒక్క సుగుణంపైనే ప్రత్యేక శ్రద్ధ. చిన్న పుస్తకంలో గళ్ళు గీసి, ఏ రోజు ఏ విషయంలో తప్పితే ఆ గడిలో ఒక నల్లచుక్క. 13 వారాలకు ఒక ఆవృత్తి. ఏడాదికి నాలుగు ఆవృత్తులు. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ గళ్ళు గీశాను. మూడవ వారానికి పుట అంతా నల్లబడింది. నాలుగవ వారంలో పుస్తకమే కనిపించకుండా పోయింది. క్రమపద్ధతి అనే గుణం తనను చాలా కష్టపెట్టిందని, పరిపూర్ణతను తాను ఏనాడూ అందుకోలేకపోయానని, అయినా ఆ ప్రయత్నం వల్ల మెరుగైన మనిషినయ్యానని ఫ్రాంక్లిన్ ఒప్పుకున్న భాగాన్ని ఆనాడు నేను శ్రద్ధగా చదవలేదు.

నా పట్టికలన్నింటిలో నన్ను నిజంగా సిగ్గుపడేలా చేసిన అంశం ఒక్కటే: "గోండీ నేర్చుకోవాలి."

మా ఊరు కిరండూల్. బస్తర్ అడవుల్లో, ఎద్దు మూపురాన్ని తలపించడం వల్ల బైలాడిలా అనే పేరు వచ్చిన కొండల పాదాన ఉంది. విశాఖపట్నం వైపు నుంచి కనుమలు దాటి వచ్చే రైలుమార్గానికి ఇది చివరి స్టేషను. 1968లో ఇక్కడ ఇనుప ఖనిజం గని ప్రారంభమయింది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డాయి. మా నాన్నగారు అలా వచ్చినవారే. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. చుట్టుపక్కల పల్లెల భాష మాత్రం, సంతలో వినిపించే కలకలంగానే, నలభై ఏళ్ళపాటు నా చెవుల పక్కనుంచి సాగిపోయింది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఒక పల్లె స్త్రీ, చేతిలోని మందుచీటీని నా ముందుకు చాపి ఏదో అడిగింది. నేను హిందీలో జవాబు చెప్పాను. ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి చిన్నపిల్లవాడికి చెప్పినంత నెమ్మదిగా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ చీటీలో ఇంగ్లీషులో రాసిన ప్రతి అక్షరమూ నేను చదవగలను. ఎన్నిసార్లు, ఎన్ని చుక్కలు వేయాలో నాకు తెలుసు. చెప్పడానికి మాట లేదు. వేళ్ళు చూపి, సైగలు చేసి ఏదో తెలియజేశాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. సరిగా అర్థమయిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఒక భాషలోని మాటను మరొక భాషలోకి చేరవేయడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి నేను!

ఆ రాత్రే ప్రతిజ్ఞ చేశాను, ఏడాదిలో గోండీ అనర్గళంగా మాట్లాడాలని. ఆ తరువాత వరుసగా మూడేళ్ళు అదే ప్రతిజ్ఞ చేశాను. నేర్చుకున్న మాటలు పది కూడా లేవు. "తీరిక దొరికినప్పుడు మొదలు పెడదాం" అనుకున్నాను. ఆ తీరిక ఏ తేదీన వస్తుందో ఏ పంచాంగంలోనూ లేదు.

నా కళ్ళు తెరిపించినది గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన మనకందరికీ పరిచితులే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, కొండల మీది సవరల భాష నేర్వాలని ఆయన సంకల్పించారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. పంతులుగారు చేసినది చాలా సరళమైన పని. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, అతని వద్ద నేర్చుకున్నారు. సంకల్పాన్ని గాలికి వదలక, దానికొక మనిషిని, ఒక చోటును ఏర్పరచారు. అడవుల్లో తిరిగినందుకు జ్వరం వచ్చింది; దానికి వాడిన క్వినైను వినికిడిని దెబ్బతీసింది. భాష నేర్చుకునేవాడికి ఇంతకంటె పెద్ద ఆటంకం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై దాటింది.

ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా ఈ మార్గాన్నే సమర్థిస్తున్నది. "ఈ పని చేస్తాను" అనే సంకల్పం కంటె, "ఫలానా సందర్భం రాగానే ఈ పని చేస్తాను" అనే నిర్ణయం నెరవేరే అవకాశం ఎక్కువని జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. 21 రోజుల్లో ఏ అలవాటైనా కుదురుతుందని ఒక మాట లోకంలో ప్రచారంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాలు వేరుగా ఉన్నాయి. అలవాటు స్థిరపడడానికి నడుమ లెక్కన 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. మరొక ఊరట కూడా ఉంది. మధ్యలో ఒకనాడు తప్పినంత మాత్రాన జరిగిన ప్రగతి చెడిపోలేదు.

ఇవన్నీ చదివాక నా ప్రతిజ్ఞను కొట్టివేసి, దాని స్థానంలో ఇలా రాసుకున్నాను: "వారపు సంతలో చింతపండు కొనేటప్పుడు, అమ్మే అవ్వ దగ్గర ఒక కొత్త మాట నేర్చుకుంటాను. మరుసటి సంతలో దాన్ని ఆమెకే అప్పజెబుతాను." అంతే. వారానికి ఒక్క మాట.

మొదట నీళ్ళకు ఏమంటారని సైగ చేసి అడిగాను. "ఏర్" అన్నది. మన ఏరే! చెట్టు "మర", మన మ్రాను. చేయి "కయ్". రెండు, మూడు అనే అంకెలకు "రండ్", "ముండ్". గోండీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలోని దగ్గరి భాషలని పుస్తకాల్లో చదివినవాణ్ణే. పరాయిదనుకుని నలభై ఏళ్ళు పలకరించనిది మా చుట్టాల భాషేనని చింతపండు కుప్పల ముందు నిలబడినప్పుడు గాని నా మనస్సుకు పట్టలేదు.

ఒకసారి అనువాదపు గడువు ముంచుకొచ్చి రెండు సంతలకు వెళ్ళలేకపోయాను. పూర్వమైతే ఆ సంకల్పం అక్కడితో సమాప్తమయ్యేది. మూడవ వారం నన్ను చూడగానే అవ్వ కుప్పలు పోయడం ఆపి, మూడు వేళ్ళు చూపింది. మూడు మాటలు బాకీ! నోటుపుస్తకం ఏనాడూ నన్ను బాకీ అడగలేదు. మనకోసం ఎదురుచూసే మనిషి ఒకరుంటే సంకల్పం దానంతట అది నిలుస్తుంది.

ఇప్పటికి రెండేళ్ళు గడిచాయి. నాకు వంద పైచిలుకు మాటలు, పది పన్నెండు వాక్యాలు వచ్చు. అనర్గళం అనే మాటకు ఇంకా చాలా దూరం. అయితే మా ఊరికి రైలు కూడా నిట్టనిలువుగా ఎక్కి రాలేదు. కొండల చుట్టూ మెల్లగా మలుపులు తిరుగుతూ, 58 సొరంగాలు దాటుకుంటూ వస్తుంది. దారి పొడుగైతేనే వాలు తగ్గుతుంది. వాలు తగ్గితేనే బరువు పైకి సాగుతుంది.

పాఠకులు కూడా ఈ ఏడాది తమ పట్టికలో ఒక్క అంశాన్నే ఉంచి చూడవచ్చు. అది ఏ వేళ, ఏ చోట, ఎవరి ఎదుట జరుగుతుందో పక్కనే రాయండి. ఎంత చిన్న పనైనా సిగ్గుపడకండి. తప్పిన రోజును లెక్కపెట్టుకుంటూ కూర్చోక, మరునాడు మళ్ళీ మొదలుపెట్టండి. చిరునామా లేని ఉత్తరం ఎంత అందంగా రాసినా చేరదు, సంకల్పమూ అంతే.

"రోజుకు మూడుసార్లు, అన్నం తిన్నాక" అని గోండీలో చెప్పడం అవ్వ నాకు నేర్పింది. మందుచీటీ చాపిన ఆ తల్లి మళ్ళీ నాకు కనిపించలేదు. సంత నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ వరండాలో కాసేపు కూర్చుని వస్తున్నాను. ఇప్పటికి ఆ వాక్యం నలుగురికి అవసరపడింది.