చప్పట్ల తర్వాత ఆ పరికరం ఎవరి చేతిలో ఉంటుంది?

వేసవి సెలవులు రాగానే బడి పిల్లలకు శాస్త్ర శిబిరాలు మొదలవుతాయి. రోబోలు, డ్రోన్ల పక్కనే ఇప్పుడు దివ్యాంగులకు పనికొచ్చే పరికరాల తయారీ కూడా కనిపిస్తోంది. ఇది మంచి మార్పు. అయితే చివరి రోజు ప్రదర్శనలో బహుమతి అందుకున్న పరికరాన్ని ఏడాది తర్వాత ఎవరైనా వాడుతున్నారా? ఇలాంటి శిబిరాన్ని ఈ ఒక్క ప్రశ్నతోనే తూచాలి.

అవసరానికి కొదవ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం కావాలి. వీరిలో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. మన దేశంలో 2011 జనాభా లెక్కల్లో నమోదైన దివ్యాంగులే 2.68 కోట్లు.

అందిన పరికరాలన్నీ వాడుకలో ఉంటాయనుకున్నా పొరపాటే. అమెరికాలో 227 మందిని అడిగి ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన అధ్యయనంలో, 29.3 శాతం పరికరాలను పూర్తిగా పక్కన పెట్టేశారని తేలింది. పరికరం సరిగా పనిచేయకపోవడం ఒక కారణం. ఎంపిక చేసేటప్పుడు వాడే మనిషి అభిప్రాయాన్ని పట్టించుకోకపోవడం మరో ముఖ్య కారణం.

ఈ విషయం చరిత్రలోనూ ఉంది. ఫ్రాన్స్‌లో చార్లెస్ బార్బియే రూపొందించిన ఉబ్బెత్తు చుక్కల లిపిలో ఒక్కో గడిలో 12 చుక్కల దాకా ఉండేవి. వేలికొన కింద అవన్నీ ఒకేసారి ఇమడవు. చూపున్న బార్బియేకు పట్టని ఆ ఇబ్బంది, వేలితో చదవాల్సిన లూయీ బ్రెయిలీకి తెలిసింది. ఆయన చుక్కలను 6కు తగ్గించి, 1824 నాటికి తన పద్ధతికి రూపమిచ్చాడు. అప్పటికి ఆయన వయసు 15 ఏళ్లు. పదిహేనేళ్ల పిల్లలు గొప్ప పరికరాన్ని తయారు చేయగలరా అనే సందేహానికి ఇదే జవాబు. ఇక్కడ తయారు చేసినవాడే వాడేవాడు కూడా.

మన దగ్గర ఐఐటీ ఢిల్లీలో విద్యార్థి ప్రాజెక్టుగా మొదలైన స్మార్ట్‌కేన్ మరో పాఠం. మామూలు తెల్లకర్ర నేల మీది అడ్డంకులను పట్టిస్తుంది. మోకాలి పైన ఉండే చెట్టుకొమ్మ, కిటికీ రెక్క దానికి తగలవు. ఈ ఇబ్బందిని చూపులేనివారి నోటే విని, అతిధ్వని తరంగాలతో అడ్డంకిని గుర్తించి పిడిలో కంపనంతో హెచ్చరించే పరికరం చేశారు. 2014లో అది జనంలోకి వచ్చేసరికి ఏళ్లు పట్టింది. నాలుగు వారాల శిబిరం నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో ఇది చెబుతుంది.

ఇలాంటి శిబిరానికి టాటానగర్ కంటే తగిన ఊరు అరుదు. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు అది. జాతీయ లోహశోధనాశాల, ఎన్ఐటీ అక్కడే ఉన్నాయి. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, లోహంతో పనిచేసి బతికిన ఇళ్లు అక్కడ ఎన్నో. త్రీడీ ప్రింటర్‌లో పోసిన ప్లాస్టిక్ ముక్క మనిషి బరువును ఎన్నాళ్లు మోస్తుందో, వెల్డింగ్ అతుకు ఎక్కడ పగులుతుందో పిల్లలకు చెప్పగల పెద్దలు వీధికొకరు దొరుకుతారు.

కానీ ఆ పెద్దలూ చెప్పలేని సంగతి ఒకటుంది. చక్రాల కుర్చీ ముందు చక్రాలు చిన్నవైతే గతుకుల్లో, రాళ్లలో ఇరుక్కుంటాయి. పెద్దవి పెడితే అదే గట్టును తేలిగ్గా ఎక్కుతాయి గానీ, ఇరుకు ఇంట్లో కుర్చీని తిప్పడం కష్టమవుతుంది. ఏది మేలు? భౌతికశాస్త్రం రెండు వైపులనూ వివరిస్తుంది. తన రోజు ఎక్కువగా వీధిలో గడుస్తుందో, ఇంట్లో గడుస్తుందో తెలిసిన మనిషి మాత్రమే తేల్చగలడు.

కాబట్టి మొదటి రోజు నుంచే ప్రతి బృందంలో దివ్యాంగులు సభ్యులుగా ఉండాలి. వారి సమయానికి పారితోషికం ఇవ్వాలి. దివ్యాంగులైన పిల్లలను కూడా శిబిరంలో చేర్చుకోవాలి. ఆ తర్వాతే పనిముట్లు పట్టుకోవాలి. పరికరం పాడైతే పక్క వీధి సైకిల్ షాపులో బాగయ్యేలా ఉండాలి. ఆరు నెలల తర్వాత బృందం మళ్లీ ఆ ఇంటికి వెళ్లి చూడాలి. బహుమతి అప్పుడివ్వాలి.

పిల్లలు వైద్య పరికరాలతో ప్రయోగాలు చేయడం ప్రమాదం కాదా అని కొందరు అడగవచ్చు. ఆ భయం న్యాయమైనదే. కృత్రిమ కాలు, వినికిడి యంత్రం లాంటివి నిపుణులకే వదలాలి. పట్టు లేని చేతికి లావుపాటి పిడి ఉన్న చెంచా, గుండీలు పెట్టుకునే కొక్కెం, చక్రాల కుర్చీకి బిగించే బల్ల, చంకకర్రలు జారిపోకుండా ఆపే పట్టీ పిల్లల చేతికి అందేవే. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. ఒకరి సాయం లేకుండా అన్నం తినగలిగిన మనిషికి మాత్రం కాదు.

వేసవిలో చేసిన పరికరానికి అసలు పరీక్ష వానాకాలంలో మొదలవుతుంది. బురద అంటుకుంటుంది, మరలు తుప్పు పడతాయి, రబ్బరు అరుగుతుంది. అప్పుడు ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తే, తీయడానికి శిబిరం వైపు ఎవరో ఒకరు ఉండాలి.