పిల్లగాని కంప్యూటర్, బాపు నిద్ర



పోయిన మీటింగులో పిల్లల చదువుల మాట వచ్చినప్పుడు ఒకరిద్దరు "గేమింగ్ కంప్యూటర్లు అసలు ఇంట్లోకే రానియ్యొద్దు" అన్నరు. ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఏడాది కింద అయితే వాళ్లకంటే ముందు నేనే చెయ్యి ఎత్తేటోణ్ణి. ఇప్పుడు నా మాట వేరు. ఎందుకో చెప్త. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

భివండీలో మన ఇండ్లు మీకు తెలిసినయే. మాది ఒక హాలు, ఒక గది, వంటిల్లు. హాల్లోనే బాపు మంచం, హాల్లోనే కొడుకు టేబుల్. బాపు ముప్పై ఏండ్లు సాంచెల మీద పని చేసిండు. చెవులు సగం పోయినయి. మిగిలిన సగంలో రాత్రంతా గుయ్యిమని మోత ఉంటదంటడు. చెవులు పోయినోళ్లకు చప్పుడుతో బాధ లేదనుకుంటం గాని అది తప్పు. మనిషి మాట వినబడదు, ఒక్కతీరుగ మోగే మోత మాత్రం తలలోకి ఎక్కుతది.

కొడుకు పార్ట్‌టైమ్ చేసి కూడబెట్టిన పైసలకు నేను కొంత కలిపితే, ఒక దుకాణంలో తయారుగ ఉన్న మిషన్ తెచ్చిండు. బీరువా అంత కేబినెట్, ఆరు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు. ఆట మొదలైతే చాలు, హాల్లో సాంచె నడిచినట్టే. బాపు లేచి పోయి మెట్ల మీద కూర్చునేటోడు. ఒక రాత్రి నాకు కోపం ఆగక ప్లగ్గు పీకేసిన. వారం దాకా కొడుకు నాతో మాట్లాడలేదు. "అమ్మేయ్ దాన్ని" అని నేను. నడుమ బాపే అన్నడు: "పిల్లగాడు ఆడితే నాకేందిరా? ఆ మోత వద్దు, అంతే."

అప్పుడు తెలిసింది, మా కొట్లాట ఆట గురించి కాదని.

కొడుకు నేను కూర్చుని మొదటిసారి ఆ మిషన్ సంగతి మాట్లాడుకున్నం. నాకు అర్థమైంది ఇది: కరెంటు వేడి అయితది, వేడిని బయటికి తోలడానికి ఫ్యాను తిరుగుతది, ఫ్యాను వేగమే చప్పుడు. కాబట్టి చప్పుడును డబ్బాలో మూసిపెట్టాలని చూస్తే లాభం లేదు. లోపల గాలి ఆడక వేడి పెరుగుతది, ఫ్యాన్లు ఇంకా వేగంగ తిరుగుతయి. వేడి తక్కువ పుట్టే సామాను ఎంచుకోవాలె.

ఇంకో చిక్కు. చిన్న డబ్బాలో చిన్న ఫ్యానే పడుతది. చిన్న ఫ్యాను అంతే గాలి తోలాలంటే ఎక్కువ వేగంగ తిరగాలె. అంటే చిన్నగ ఉండుడు, నిశ్శబ్దంగ ఉండుడు ఒకదానికొకటి పడవు. చిన్న మదర్‌బోర్డు అంటే మినీ ఐటీఎక్స్, 17 సెంటీమీటర్ల చదరం. దానికి, దానికి తగిన చిన్న ఎస్ఎంపీఎస్‌కు ధర ఎక్కువ. మేము 24.4 సెంటీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డు, అది పట్టేంత చిన్న కేబినెట్ తీసుకున్నం. మిగిలిన పైసలు కూలర్ మీద పెట్టినం. మనలాంటోళ్లకు ఇదే దారి అని నా అభిప్రాయం. ఫొటోలో అందం కోసం చిన్నది కొనకండి, టేబుల్ మీద పట్టేంత చిన్నది చాలు.

పాత మిషన్ అమ్మేసి, ఒక ఆదివారం పక్కన పెట్టి శనివారం లామింగ్టన్ రోడ్‌కు పోయినం. థానే నుంచి దాదర్, అక్కడ మారి గ్రాంట్ రోడ్. దారి పొడుగునా వాడు చెప్పుడు, నేను వినుడు. ప్రాసెసర్ రైజెన్ 5 7600, దాని లెక్క 65 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060, 115 వాట్లు. అదే వరుసలో పెద్దది 4090 అయితే 450 వాట్లు. మా హాల్లో హీటర్ పెట్టుకున్నట్టే. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ పక్కన పెట్టి 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ తీసుకున్నం. కూలర్ ఎత్తు, కార్డు పొడుగు కేబినెట్‌లో పడుతయా అని వాడు టేపు పెట్టి కొలిచి మరీ కొన్నడు. మా బాపు నూలు కొనేటప్పుడు ఇట్లనే చూసేటోడు.

మరునాడు ఇంట్లో బిగించినం. తర్వాత పైసా ఖర్చు లేని పనులు మూడు. ఒకటి, బయోస్‌లో ఫ్యాన్లు ప్రతి చిన్న వేడికి ఉలిక్కిపడి వేగం పెంచకుండ మెల్లగ పెంచేటట్టు పెట్టుడు. రెండు, మా మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తది, కాబట్టి ఆటను కూడా 60 దగ్గరే ఆపుడు. కనబడని బొమ్మల కోసం కార్డు ఎందుకు వేడెక్కాలె? మూడు, కార్డు వాడే కరెంటుకు కొంచెం హద్దు పెట్టుడు. ఆటలో తేడా నాకు తెలువలేదు, వానికి కూడ పెద్దగ తెలువలేదట.

మన ఊరికి ప్రత్యేకం ఇంకోటి ఉంది: గాలిలో నూలు పొట్టు. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ దులపకపోతే అది మెత్త లెక్క పేరుకుంటది, మళ్లీ మోత మొదలు.

అన్నీ అయినంక ఆ రాత్రి బాపు మళ్లీ లేచిండు. చూస్తే కీబోర్డు టకటక! దాన్ని కూడ మార్చినం.

ఇప్పుడు అసలు మాట. పాత మిషన్ మోత వినబడకుండ ఉండాలని మావాడు హెడ్‌ఫోన్ చప్పుడు పెంచుకుంటుండె. నాకు తెలువదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దోళ్లు 80 డెసిబెల్స్ చప్పుడు వారానికి 40 గంటలకు మించి వినొద్దు, పిల్లలకైతే 75 డెసిబెల్సే. కార్ఖానాల్లో చట్టం 8 గంటలకు 90 డెసిబెల్స్ హద్దు పెట్టింది, ఆ హద్దు మన సాంచెల దగ్గర ఎవరు కొలిచిండ్రో మీకే ఎరుక. బాపు చెవులు కూలి కోసం పోయినయి. మనుమని చెవులు ఆట కోసం, అది కూడ ఇంట్లోనే, మన కండ్ల ముందే పోతుంటే మనం మార్కుల గురించి కొట్లాడుతున్నం.

ఆట ఎక్కువైతే చదువు పాడైతదన్న భయం నాకు లేదనను. మా ఇంట్లో పదకొండుకు మిషన్ బంద్, ఆ మాట కొడుకు కూడ ఒప్పుకున్నడు. కాని వద్దని చెప్తే పిల్లలు బయట గేమింగ్ కేఫ్‌లకు పోతరు. అక్కడ ఎంత చప్పుడులో కూర్చుంటున్నరో మనకు కనబడదు. మనతో మాట్లాడుడు కూడ బంద్ చేస్తరు. స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు రోజులు నా కొడుకు నాతో తెలుగులో మాట్లాడినంత, అంతకు ముందు రెండేండ్లల్లో మాట్లాడలేదు.

అందుకే నా మనవి: వచ్చే మీటింగులో వద్దు అన్న తీర్మానం పెట్టకండి. ఒక ఆదివారం సంఘం హాల్లో పిల్లల్ని కూర్చోబెడదాం. మావాడు మా మిషన్ తెచ్చి విప్పి చూపిస్తనన్నడు. పెద్దోళ్లు కూడ రండి. ఇంట్లో మోగే మిషన్ ఉన్నోళ్లు దాన్ని పట్టుకుని రండి, అమ్మే ముందు ఫ్యాన్లన్నా దులిపి చూద్దాం.

బాపు కూడ వస్తనన్నడు. ఈ మధ్య రాత్రిపూట మెట్ల మీద కూర్చుంటలేడు.