ఎదుటి వాడికీ దారి కనబడాలి

రాత్రి పది దాటిన తర్వాత మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ప్రాంతాల్లో పని ముగించుకుని చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పల్లెలకు మోటారు సైకిళ్లపై మళ్లేవారు అనేకులు. వీరందరూ కంప్యూటర్ల ముందు కూర్చునేవారు కారు. మేడలకు కాపలా కాసేవారు, ఊడ్చి తుడిచేవారు, క్యాంటీన్లలో వండివార్చేవారు, ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసేవారు వీరిలో వున్నారు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఆ రాళ్లగుట్టల నడుమ లేచిన మేడలు చుట్టుపక్కల పల్లెలకూ ఇంత కూడు పెడుతున్న మాట నిజం. దానితోపాటు రాత్రి ప్రయాణాన్ని కూడా అంటగట్టాయి.

హైటెక్ సిటీలో వీధి దీపాలు, మేడల దీపాలు కలిసి రాత్రిని పగలు చేస్తాయి. అక్కడ బండికి హెడ్‌లైటు వెలుగుతున్నదీ లేనిదీ నడిపేవానికే తెలియదు. పోలీసు అకాడమీ కూడలి దాటిన తర్వాత అసలు సంగతి బయటపడుతుంది. ఔటర్ రింగు రోడ్డుపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు కనుక పశ్చిమాన వున్న పల్లెలవారిలో చాలామందికి పాత బీజాపూరు రోడ్డే గతి. పెద్ద పెద్ద మర్రిచెట్లకు పేరుపడిన ఆ దారిలో పగలు నీడ ఎంత హాయో, రాత్రి చీకటి అంత చిక్కన. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డుకు అడ్డంగా నిలబడిన బర్రె, ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చి తీయడం మరచిన రాళ్లు, ఇవన్నీ దగ్గరకు వస్తే గాని కనబడవు.

కనుక బండికి మంచి వెలుతురు కావాలనుకోవడం షోకు కాదు, అవసరం. చాలా మోటారు సైకిళ్లకు కంపెనీ ఇచ్చింది 35 వాట్ల హాలోజన్ బల్బు. పాత బండ్లలో దానికి కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజను తిరుగుడు నుంచి వస్తుంది. గుంత చూసి బండి నిదానించగానే దీపం కూడా మందగిస్తుంది. ఎక్కువ వెలుతురు కావలసిన క్షణంలోనే అది తగ్గిపోతుందన్న మాట.

ఈ ఇబ్బందిని చూసి రాణిగంజ్, పుత్లీబౌలి మొదలు మండల కేంద్రాల దుకాణాల వరకు ఒక సులువు మార్గం అమ్ముతున్నారు. పాత బల్బు తీసి అదే హోల్డరులో ఎల్.ఇ.డి. బల్బు బిగిస్తే సరి, పది నిమిషాల పని. తెల్లగా, ధగధగా వెలుగుతుంది. కొన్నవాడు మురిసిపోతాడు. ఎదురుగా వచ్చేవాడి గతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఎల్.ఇ.డి. చెడ్డదని కాదు. తెల్లని కాంతికి దారితీసిన నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఖర్చయ్యే ప్రతి వాట్‌కు హాలోజన్ కంటే అనేక రెట్లు వెలుతురునిచ్చే వస్తువు అది. చిక్కు బల్బులో లేదు, దాన్ని బిగించే చోట వుంది. హాలోజన్ బల్బులో సన్నని తీగ ఎక్కడ వుంటుందో అంగుళంలో ఎన్నో వంతు లెక్కగట్టి హెడ్‌లైటు లోపలి అద్దపు గిన్నెను తయారు చేస్తారు. డిమ్ తీగ కింద చిన్న రేకు దొన్నె కూడా వుంటుంది. వెలుతురు పైకి ఎగజిమ్మకుండా అడ్డుకునేది అదే. బదులుగా పెట్టే చవక ఎల్.ఇ.డి. వెలుగు ఆ తీగ వున్న చోటి నుంచి రాదు. అందువల్ల కాంతి చెదిరి సగం రోడ్డు మీదా, సగం చెట్ల కొమ్మల మీదా, ఎదుటివాని కళ్లలోనూ పడుతుంది. ముందు చక్రం దగ్గర నేల తెల్లబడేసరికి నడిపేవాడు వెలుతురు పెరిగిందనుకుంటాడు. దూరాన వున్న గుంత ఇంతకు ముందులాగే చీకట్లో వుంటుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. కళ్లు జిగేలుమని మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే 50 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. వయసు మళ్లినవారి కళ్లు తేరుకోవడానికి మరింత సేపు పడుతుంది. తెల్లవారుజామున పాలక్యాన్లతో పట్నం బయలుదేరే రైతుల్లో అటువంటివారు తక్కువేమీ కాదు.

లోగడ లారీలకు, స్కూటర్లకు హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూయించేవారు. ఏభై దాటినవారికి ఇది గుర్తుండే వుంటుంది. నేటి చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో వున్న కంటికి మిరుమిట్లు గొలపని విధంగా కాంతి కిందికి వంగి వుండాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ వెలుగుతూనే వుండే దీపం తిన్నగా లేకపోతే రచ్చబండ దగ్గర కూర్చున్నవారికీ బాధే.

వెలుతురు పెంచుకునే సక్రమ మార్గాలు లేకపోలేదు. ముందుగా డూమ్‌ను చూసుకోవాలి. లోపలి పూత నల్లబడితే, అద్దం పసుపెక్కితే ఎంత ఖరీదు బల్బు పెట్టినా వృథా. డూమ్ మార్చడమే మేలు. బ్యాటరీతో వెలిగే హెడ్‌లైటు అయితే వైర్లను కూడా పరీక్షించాలి. తుప్పు పట్టిన కనెక్షన్ల వల్ల బల్బుకు చేరే వోల్టేజి పదో వంతు తగ్గితే, వెలుతురు దాదాపు మూడో వంతు పడిపోతుంది. మందపాటి వైరు, ఒక రిలే వేయిస్తే ఉన్న బల్బే ప్రాణం పోసుకుంటుంది. 35 వాట్ల చోట 60 వాట్ల బల్బు పెట్టడం మాత్రం హోల్డరును కరిగించుకోవడానికే. ఎల్.ఇ.డి.యే కావాలంటే ఆ దీపం కోసమే తయారైన పూర్తి హెడ్‌లైటు, అదీ తమ బండికి తగినది, ఖర్చుకు వెరవకుండా కొనాలి.

బొత్తిగా ఖర్చు లేని పని మరొకటి వుంది. చీకటి పడ్డాక చదునైన నేలపై గోడకు ఎదురుగా బండి నిలిపి, మనిషి కూర్చుని డిమ్ వేస్తే, గోడ మీది వెలుగు హెడ్‌లైటు ఎత్తు కంటే కిందనే వుండాలి. పైకి పోతే ఒక్క స్క్రూ తిప్పితే చాలు. వెనుక పాలక్యాన్లో, బియ్యం మూటో, పెళ్లాం పిల్లలో వుంటే బండి ముందు భాగం లేచి దీపం ఆకాశం చూస్తుంది. కనుక బరువు వేసి చూడటమే సరైన పరీక్ష.

కూడలిలో నిలబడి చలానాలు రాసినంత మాత్రాన ఈ బెడద తీరదు. నిబంధనలకు సరిపడని బల్బును బాహాటంగా అమ్మే దుకాణం వైపు రవాణా శాఖ కన్నెత్తి చూడకపోవడం, కొన్నవాణ్ణి మాత్రమే పట్టుకోవడం శోచనీయం. వారపు సంతల దగ్గర సాయంత్రం పూట ఒక గోడ, ఒక మెకానిక్, ఒక స్క్రూడ్రైవరుతో శిబిరం పెట్టడానికి పెద్ద నిధులు అక్కరలేదు. రోడ్లు భవనాల శాఖ మలుపుల్లో మెరిసే గుర్తులను, చెరిగిపోయిన తెల్లగీతలను సరిచేయించాలి. పంచాయతీలు తమ పరిధిలోని ట్రాక్టరు యజమానులను పిలిచి, కోతలు మొదలయ్యేలోగా ప్రతి ట్రాలీ వెనుకా మెరిసే ఎర్ర పట్టీ అతికించేటట్టు చూడాలి. వడ్లు ఎత్తుకున్న రైతు రాళ్లను కూడా అదే సాయంత్రం ఎత్తివేయాలి.