తుపాకి లేని ఓడ

మా నవాబుపేటకు సముద్రం లేదు. ఉన్నదల్లా చెరువు, అదీ వానలు సరిగా పడిన ఏడే. అయినా మాకూ సముద్రానికీ చుట్టరికం లేదనడానికి వీల్లేదు. అనంతగిరి గుట్టల మీద పడ్డ చినుకు మూసీలో కలిసి, హైదరాబాదు మురికినంతా మోసుకుని, వాడపల్లి దగ్గర కృష్ణలో పడి, చివరికి బంగాళాఖాతం చేరుతుంది. ఆ చినుకు లాగే మా అక్క కొడుకు కూడా ఊరు దాటి సముద్రం చేరాడు. వర్తకపు ఓడలో ఇంజను గదిలో నౌకరీ. వాణ్ణి ఆ చదువులో చేర్పించమని సలహా చెప్పినవాణ్ణి నేనే. అంచేత ఏ సముద్రంలో అల లేచినా మా అక్క ముందు నా గుమ్మం ఎక్కుతుంది.

2024 జనవరిలో ఒకనాడు పొద్దున్నే వచ్చి కూచుంది. ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీలు వర్తకపు ఓడల మీద క్షిపణులు వేస్తున్నారని రాత్రి టీవీలో చూసిందట.

"తమ్మీ, కొట్లాడెటోళ్ళు కొట్లాడెటోళ్ళనే కొట్టాలె గద. సరుకు మోసెటి ఓడ ఏం జేసింది? దాన్ని కొడితె ఎవడన్న గెలుస్తడా?" అంది.

చూడబోతే చిన్న ప్రశ్నే. కాని దేశదేశాల నౌకాధిపతులు శతాబ్దాలుగా తలలు పట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. ఆమెకు ధైర్యం చెప్పాలి గనక, "గెలవరక్కా" అనేశాను. అని, మన విశాఖపట్నం సంగతే ఎత్తుకున్నాను.

1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోవా మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నం మీదికి వచ్చాడు. అక్కడ ఇంగ్లీషువారి యుద్ధనౌక 'సెంచూరియన్', దాని అండన రెండు వర్తకపు ఓడలూ ఉన్నాయి. ఫిరంగులు మోగాయి. ఒక వర్తకపు ఓడ ఒడ్డుకెక్కి పాడయింది, ఒకటి లినోవాకు చిక్కింది. సెంచూరియన్ దెబ్బలు తిన్నదే గాని మునగలేదు. అదే ఏడు ఫిబ్రవరిలో చైనానుంచి వస్తున్న కంపెనీ ఓడల గుంపు యావత్తూ ఆయనకు ఎదురుపడింది. వాటిలో కొన్ని యుద్ధనౌకల జెండాలు ఎగరేసి బుకాయిస్తే, నిజమే కాబోలునని వెనక్కు తగ్గాడు! 1806లో స్వదేశానికి వెళుతూ తానే ఇంగ్లీషువారికి బందీ అయ్యాడు. ఇంగ్లీషు వర్తకం మాత్రం ఆగలేదు.

"చూశావా?" అన్నాను. అక్క తల ఊపింది గాని ముఖం తేటపడలేదు.

సరే, ఎండెన్ కథ చెప్పాను. 1914 సెప్టెంబరులో ఈ జర్మను యుద్ధనౌక ఒంటరిగా బంగాళాఖాతంలో దూరింది. కెప్టెన్ ఫాన్ ముల్లర్ పెద్దమనిషి. ఓడ పట్టుబడితే అందులో మనుషుల్ని దించి, తరవాతనే ఓడను ముంచేవాడు. పట్టుబడినవాళ్ళను ఇంకో ఓడ ఎక్కించి రేవుకు పంపేసేవాడు. ముంచిన ఓడల్లో ఒకదాని నిండా తేయాకు! సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులో చమురు తొట్లను పేల్చాడు. జనం మూటాముల్లే సర్దుకుని రైళ్ళెక్కారు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక 'సిడ్నీ' చేతిలో ఎండెన్ కథ ముగిసింది. పట్టుమని రెండు నెలలు!

"మరి ఆ రెండు నెలలు కడమ ఓడలు పోయినయా?" అని అడిగింది అక్క.

ఇక్కడ నేను కాస్త తడబడ్డాను. ఎందుకంటే, పోలేదు. ఎండెన్ ముంచినవి కొన్నే. దాని పేరు విని రేవుల్లో లంగరు వేసుకుని కూర్చున్నవి ఎన్నో. భీమా రేట్లు ఆకాశానికెక్కాయి. ఒక్క నౌక కోసం ఎన్నో దేశాల యుద్ధనౌకలు సముద్రమంతా గాలించవలసి వచ్చింది.

1942 ఏప్రిల్‌లోనూ ఇదే జరిగింది. 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే నౌకాధిపతి ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తకపు ఓడల్ని ముంచేసి, వచ్చిన దారినే పోయింది. మళ్ళీ ఆ జోరుతో రాలేదు. అయినా తూర్పు తీరాన ఓడలు కదలడానికి జంకితే, ఆ బరువు రైళ్ళ నెత్తిన పడింది. అంతకు ముందు నెలలోనే రంగూను జపాను వశమై, బర్మా బియ్యం ఆగిపోయింది.

అక్క లేచి నిలబడింది. "అయితె గెలుస్తరనే చెప్పు" అంది.

ఇహ దాచి లాభం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 1917 ఏప్రిల్ ఒక్క నెలలో జర్మను జలాంతర్గాములు 8 లక్షల టన్నులకు పైగా ఓడల్ని ముంచితే ఇంగ్లండు గజగజలాడింది. ఓడల్ని గుంపులు కట్టి యుద్ధనౌకల కాపలాతో నడపడం మొదలెట్టాక గాని ఊపిరి పీల్చుకోలేదు. రెండో యుద్ధంలో జర్మనీ మళ్ళీ అదే పని చేసింది. 1943 మేలో 41 జలాంతర్గాములు పోగొట్టుకుని అట్లాంటిక్ నడిబొడ్డునుంచి వెనక్కు తగ్గింది. వాటిలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో ముప్పావు వంతు తిరిగి ఇంటికి రాలేదు. కాని జపాను విషయంలో కథ తిరగబడింది. చమురూ ఇనుప రాయీ అన్నీ సముద్రం మీద రావలసిన దేశం అది. తన ఓడలకు కాపలా సంగతి ఆలస్యంగా పట్టించుకుంది. అమెరికా జలాంతర్గాములు ఆ ఓడల్ని తుడిచిపెట్టేశాయి. 1945 నాటికి జపాను ఫాక్టరీలకు ముడిసరుకు లేదు, విమానాలకు చమురు లేదు.

అంటే గెలుపోటములు దాడి చేసేవాడి శౌర్యం మీద ఒక్కదాని మీదే లేవు. దెబ్బతినే దేశానికి వేరే దారి ఉందా, కాపలా ఉందా, కొత్త ఓడలు ఎంత వేగంగా కట్టగలదు, ఇవి చూడాలి. ఒక్కడే వచ్చి నాలుగు ఓడల్ని ముంచితే యుద్ధం గెలవడు. గెలవకపోయినా అందరి ఖర్చూ పెంచుతాడు.

"ఈ లెక్కల మా పిలగాడు యాడ ఉన్నడు?" అంది అక్క. నా దగ్గర జవాబు లేదు. టన్నుల లెక్కలో మనుషులకు గడి ఉండదు.

ఆ జనవరి 26 రాత్రి ఏడెన్ సింధుశాఖలో 'మార్లిన్ లువాండా' అనే ఓడకు క్షిపణి తగిలి మంట లేచింది. అందులో 22 మంది మన భారతీయులు. పిలుపు విని వెళ్ళి మంటలార్పడానికి సాయపడిన యుద్ధనౌక మనదే, పేరు 'విశాఖపట్నం'. అది విని అక్క మొదటిసారి కన్నీళ్ళు తుడుచుకుంది.

మూడోనాడు వాడే ఫోను చేశాడు. "మామా, భయం లేదు. మా ఓడ ఎర్రసముద్రం మొహమే చూడదు. ఆఫ్రికా చుట్టు తిరిగొస్తున్నం. పది పన్నెండు రోజులు ఎక్కువ పడుతది" అన్నాడు. కాసేపు ఆగి, "చెల్లె పెళ్ళికి అందను. అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు.

మాఘమాసంలో పెళ్ళి జరిగింది. అప్పగింతల వేళ పిల్ల అన్న కోసం చుట్టూ చూసింది. ఫోనులో వాడి ముఖం కనిపించింది, మాట వినిపించలేదు.

వాడి ఓడకు గీటు కూడా పడలేదు. ఏ లెక్కలోనూ అది దెబ్బ తిన్న ఓడ కాదు. మొరాకోనుంచి ఎరువులకు ముడిసరుకు తెచ్చే ఓడలు కూడా ఆ ఏడు చాలావరకు చుట్టు తిరిగే రావలసి వచ్చింది. డి.ఏ.పి. బస్తా 1,350 రూపాయలు దాటకుండా ప్రభుత్వం భరించింది గనక మా రైతుకు తెలియలేదు.

వర్తకపు ఓడల మీద దాడి పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను "గెలవరు" అని తేలిగ్గా అనను. వాళ్ళు గెలిచారో లేదో నాకు తెలీదు గాని, నవాబుపేట పందిట్లో ఒక పీట ఖాళీగా ఉండిపోయింది.