పేరు పిలువబడని యన్న

ఎన్నిక యనునది ఉపాధ్యాయ వృత్తిలో నిత్యకృత్యము. ఆటలకు, నాటకములకు, వక్తృత్వపు పోటీలకు బాలురను ఎన్నుకొనుచునే యుందుము. ఎన్నుకొనబడినవారి పేరులు చదివి, కాగితము మడచి, తరగతినుండి వెడలిపోవుదుము. పేరు పిలువబడనివాడు ఆ సాయంకాలము ఇంటికి ఎట్లు పోయెనో విచారించుట అరుదు. ఈ లోపము మాయందును కలదని మాకు జ్ఞప్తికి దెచ్చినది వృత్తిమల్లుల కుటుంబమును గూర్చిన యొక ఆంగ్ల చలనచిత్రము. అది నవ్వించు చిత్రమే గాని, నవ్వు ముగిసిన పిమ్మట ఈ ప్రశ్న మమ్ము విడువలేదు.

ఆ చిత్రము పేరు “ఫైటింగ్ విత్ మై ఫ్యామిలీ.” కుటుంబముతో కలిసి పోరాడుట యనియు, కుటుంబముతోనే పోరాడుట యనియు ఈ పేరునకు రెండర్థములు చెప్పవచ్చును, కథలో రెండును కలవు. స్టీఫెన్ మర్చంట్ వ్రాసి, దర్శకత్వము వహింపగా ఇది 2019వ సంవత్సరమున వెలువడినది. ఇంగ్లండు తూర్పుభాగమందలి నార్విచ్ నగరమున కుస్తీయే జీవనముగా గల యొక నిజమైన కుటుంబము కథ యిది. ఆ కుటుంబమును గూర్చి 2012లో ఇంగ్లండు టెలివిజనులో వచ్చిన వాస్తవచిత్రమును, పూర్వము మల్లుడై పిదప నటుడైన డ్వేన్ జాన్సన్ చూచి ముచ్చటపడెను. ఈ చిత్రము పుట్టుటకు అదియే కారణము.

మన పల్లెల కుస్తీ వేరు, వీరి కుస్తీ వేరు. మన గోదాలో గెలుపోటములు పట్టు పట్టిన పిమ్మట తేలును. వీరి గోదాలో ఎవరు గెలువవలెనో ముందే నిర్ణయమగును. అందుచేత ఇది యంతయు బూటకమని నవ్వువారు కలరు. అది సగము మాటయే. ఫలితము ముందుగా నిర్ణయించినదైనను, పడుట నిజము, దెబ్బ నిజము. ఎదుటివాని దేహమును భద్రముగా కాపాడుచునే, చూచువారికి ప్రమాదమువలె కనుపింపజేయుట ఈ విద్యలోని నేర్పు. కావున ఒకరిపై నొకరికి గల నమ్మకమే వీరి మూలధనము. ఈ సంగతి తెలిసికొననిచో కథలోని దుఃఖము తెలియదు.

కుటుంబము మిక్కిలి వింతయైనది. అన్నాచెల్లెండ్రు చిన్నతనమున టెలివిజను కొరకు పెనుగులాడుచుండగా అన్న చెల్లెలి మెడ పట్టుకొనును. తండ్రి వచ్చి విడదీయునని మనమనుకొందుము. అతడో, పట్టు సరిగా లేదని దిద్ది చూపును! తండ్రి పూర్వము దౌర్జన్యము చేసి చెరసాలలో నుండినవాడు. పెద్దకుమారుడు ఇంకను అక్కడనే యున్నాడు. తమ్ము చెడిపోకుండ నిలిపినది కుస్తీయే యని వారి గట్టి నమ్మకము. వియ్యాలవారు కాబోవు మర్యాదస్థులైన దంపతులు భోజనమునకు వచ్చి, వీరి మాటలు విని నివ్వెరపోవు ఘట్టమున నవ్వు ఆపుకొనుట కష్టము.

కుమారుడు జాక్, కుమార్తె సరయా. ఇరువురి కోరికయు ఒక్కటే: అమెరికా దేశపు డబ్ల్యు. డబ్ల్యు. ఇ. యను గొప్ప కుస్తీ సంస్థలో చేరుట. లండనులో పరీక్ష జరిగినది. చివరకు పరీక్షకుడు పిలిచిన పేరు చెల్లెలిది. అన్న పేరు పిలువబడలేదు. అన్న లేనిదే పోనని ఆమె యనగా, పొమ్మని ఒప్పించి పంపినవాడు ఆ యన్నయే. ఆమె ఫ్లోరిడాకు పోయెను. అతడు నార్విచ్‌లో పసిబిడ్డతోను, మనసులోని మంటతోను మిగిలెను.

ఇట్టి చిత్రములు పెక్కు ఈ తావున అన్నను మరచి, గెలువబోవు చెల్లెలి వెంటనే పోవును. ఈ చిత్రము అట్లు చేయలేదు. మేము దీనిని మెచ్చుకొనుటకు కారణమిదియే. జాక్ త్రాగుటకు మొదలిడును. తాను కుస్తీ నేర్పుచున్న పిల్లలను విడిచిపెట్టును. సెలవులకు ఇంటికి వచ్చిన చెల్లెలితో గోదాలో తలపడి, కట్టుబాటు తప్పి, నిజముగానే కొట్టును. ఇందాక చెప్పిన మూలధనము ఇక్కడ పోయినది. అసూయ దుష్టులకే పుట్టునని మనము పిల్లలకు చెప్పుదుము. అది ప్రేమగల హృదయమునందును పుట్టగలదని ఈ యన్నను చూచి తెలిసికొనవచ్చును.

మరి యతనికి మందేమి? ఆ విడిచిన పిల్లలే. వారు ఊరిలో ఆదరణలేని పిల్లలు. వారిలో కన్నులు కనరాని బాలుడొకడు కలడు. ఆ బాలునికి గోదాలో తిరుగుట నేర్పినవాడు జాక్. చూచి చప్పట్లు కొట్టువారు లేనంతమాత్రమున ఆ పనికి విలువ తగ్గదని చెల్లెలు అతనికి గుర్తుచేయును. అతడు తిరిగి వారికడకు పోవును.

ఇది ఓడినవానిని ఓదార్చుటకు చెప్పు మాటయే గాని, లోకము గెలిచినవారినే తలచునని కొందరు ఆక్షేపింపవచ్చును. అట్లయిన గెలిచినవారి సంగతియే చూతము. సరయా, “పెయిజ్” అను పేరుతో, 2014 ఏప్రిల్ 7వ తేదీన, ఇరువదియొకటవ యేట, మహిళా విజేత యయ్యెను. చిత్రము ఆ సంబరముతో ముగియును. కాని నాలుగేండ్లు గడచునంతలో, 2018 ఏప్రిల్‌లో, మెడకు తగిలిన దెబ్బలవలన గోదాను విడుచుచున్నానని ఆమె ప్రకటింపవలసి వచ్చెను. 2022లో వేరొక సంస్థ పక్షమున మరల గోదాలో దిగుట ఆమె ధైర్యమునకు గుర్తు. అయినను కిరీటము కొలదికాలపు సొమ్మేయని ఆమె చరిత్రయే చెప్పుచున్నది. నేర్పిన విద్య యట్లుకాదు. అది నేర్చుకొన్నవానితో నడచిపోవును.

చిత్రమునందు లోపములు లేకపోలేదు. అందులో ఆమె బెదరుచు నిలిచిన కొత్తదానివలె కనబడును. వాస్తవమున 2013లోనే ఆమె ఆ సంస్థ శిక్షణాశాఖలో మొట్టమొదటి మహిళా విజేత. ఉత్సాహము పెంచుటకు సత్యమును తగ్గింపవలసిన పనిలేదు. మరియు ఆ కుటుంబము నోట మోటుమాటలు విస్తారము. కావున చిన్నతరగతుల పిల్లలకు ఇది తగదు. పైతరగతులవారు పెద్దలతో కూర్చుండి చూడవచ్చును.

ఉపాధ్యాయులకు మాత్రము ఇది చూడదగినదని మా యభిప్రాయము. పేరు పిలువబడనివానికి మనము చేయవలసినవి రెండు. మొదటిది, నిజము చెప్పుట. చిత్రములోని పరీక్షకుడు కఠినుడే గాని, జాక్‌నకు కల్ల యాశ చూపలేదు. కల్ల యాశ దయ కాదు. రెండవది, పని చూపుట. నిజము చెప్పి విడిచిపెట్టుట సగము కర్తవ్యమే. జాక్‌నకు పరీక్షకుడు మొదటిది చేసెను. రెండవది ఎవరును చేయకమునుపే అతడు చాల దూరము జారిపోయెను.

విద్యార్థులారా! రాబోవు సంవత్సరమున మీలో కొందరి పేరులు చదువబడును, పెక్కుమంది పేరులు చదువబడవు. చదువబడినవారు సరయావలె అన్నను మరువకుందురు గాక. చదువబడనివారు ఆ సాయంకాలము ఒంటరిగా ఇంటికి పోవద్దు. మాకడకు రండు. కాగితము మడచి వెడలిపోకుండ నిలిచియుండుట ఇకమీదట మేము నేర్చుకొనవలసిన పాఠము.