వెలయు రుచియు

మద్యమునకు వెల హెచ్చినకొలది రుచియు హెచ్చునను నమ్మకము లోకమున బలముగా నాటుకొని యున్నది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున పేరుగాంచిన బర్బన్ విస్కీని నిదానముగా పరిశీలించినచో ఈ నమ్మకము నిలువదని నా దృఢాభిప్రాయము.

బర్బన్ అనిపించుకొనుటకు ధాన్యమిశ్రమమున కనీసము 51 శాతము మొక్కజొన్న యుండవలెననియు, లోపలివైపు మాడ్చిన కొత్త ఓకు పీపాలోనే నిలువచేయవలెననియు అక్కడి శాసనము విధించుచున్నది. ఈ నియమము చవుక సీసాకును, ఖరీదైన సీసాకును సమానమే; వెనిల్లాను, మాడిన చక్కెరను స్మరింపజేయు పరిమళమును రెండింటికిని ఆ చెక్కయే ప్రసాదించుచున్నది. 1897 నాటి ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ చట్టము ననుసరించిన సరకైనచో, ఒకే డిస్టిలరీలో, ఒకే ఋతువున తయారై, నాలుగేండ్లకు తక్కువగాక పరిపక్వమై, 50 శాతము ఆల్కహాలు కలిగియుండును. ఇట్టి మేలిసరకు మితమైన వెలకే లభించుచున్నది.

ఫ్రాంక్‌ఫర్ట్ అను కెంటకీ పట్టణమందలి బఫలో ట్రేస్ డిస్టిలరీనుండియే వెల్లర్, పాపీ వాన్ వింకిల్ అను రెండు బర్బన్లును వచ్చుచున్నవి. రెండింటను రై ధాన్యమునకు బదులు గోధుమయే చేరును. 23 ఏండ్ల పాపీ సీసా వేల డాలర్లు పలుకుటకు, పీపాలో గడచిన కాలమును, ఏటేటా ఆవిరియై తరుగు భాగమును కొంత కారణమే. మిగిలినదంతయు దౌర్లభ్యము, కీర్తి. పైగా అతిదీర్ఘకాలము నిలిచినచో చెక్కలోని వగరు ధాన్యపు తీపిని మ్రింగివేయుటయు కలదు.

కావున, పోల్చి చూడగోరు వయోజనులు పేర్లు మరుగుపరచి, ఒకే తీరు గ్లాసులలో కొద్దికొద్దిగా పోసి, మొదట వాసన, పిదప ఒక గుక్క, ఆపై నాలుగు నీటిచుక్కలు అను వరుసను ఓపికగా పాటింపవలెను. తన నాలుక చెప్పు తీర్పును ధరచీటికి ధారపోయువాడు ధనమునే కాక, ఆస్వాదించు స్వాతంత్ర్యమును గూడ కోల్పోవుచున్నాడు.